గంగారాం వ్యానుకు సాకెట్ సెట్టు

2012 జూలై ఒకటో తేదీ నుంచి ఎల్లారెడ్డిలో ఎనిమిది ఆదివారాలు తరగతి తీసుకోవాలని నాకు ఉత్తర్వు వచ్చింది. సొంత బండి ఉన్నవాళ్లు దాని చిన్న చిన్న పనులు ఇంటి దగ్గరే చేసుకోవడం నేర్పే తరగతి అది. అప్పటికి నేను కామారెడ్డిలో ఒక పారిశ్రామిక శిక్షణా సంస్థలో మోటారు మెకానిక్ ట్రేడుకు డిప్యూటీ ట్రైనింగ్ ఆఫీసరును. అసిస్టెంటుకు పైన, ట్రైనింగ్ ఆఫీసరుకు కింద ఉండే హోదా. వర్క్‌షాపు తాళాలు, పనిముట్ల లెక్క, విద్యార్థుల వేళ్ల క్షేమం ఈ హోదాలో ఉన్నవారి బాధ్యత. ఆ ఉద్యోగంలో ఇరవై ఎనిమిదేళ్లు చేశాను. ఆ ట్రేడులో ఆడవాళ్లు అప్పుడూ తక్కువే, ఇప్పుడూ తక్కువే.

రిటైరయిన తర్వాత నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటుంది. ఇంట్లో కారు ఉంది, ఒక మంచి సాకెట్ సెట్టు కొనాలి, ఏది కొనమంటారు అని. కంపెనీ పేరు చెప్పి పంపించడం సులువు. నేను మాత్రం ఆ ఎల్లారెడ్డి తరగతిలో జరిగినది చెబుతాను.

తెలియనివారికి ముందు ఒక మాట. సాకెట్ అంటే బోల్టు తలను టోపీలా పైనుంచి కప్పి పట్టుకునే ఉక్కు గొట్టం. ఒక చివర బోల్టు తల కూర్చునే గుంట, రెండో చివర పిడి దూరే చదరపు రంధ్రం ఉంటాయి. మామూలు పానా బోల్టును రెండు పక్కల్లోనే పట్టుకుంటుంది. సాకెట్ చుట్టూ పట్టుకుంటుంది. అందుకే బిగుసుకుపోయిన బోల్టుకు సాకెట్ వాడతాం. మా వైపు మెకానిక్కులు దీన్ని గోటీ అంటారు.

తరగతికి పదకొండు మంది వచ్చారు. అందులో భార్యాభర్తలు ఒక జంట, గంగారాం, భాగ్య. ఇద్దరికీ నలభై దాటింది. గంగారాం దుబాయిలో ఒక గ్యారేజీలో కార్లు కడిగే పని చేసి ముందు సంవత్సరమే తిరిగి వచ్చాడు. "పన్నెండేండ్లు కడిగిన మేడం. కడిగిన కార్లల్ల ఒక్కటి గూడ నాది గాదు," అని మొదటి రోజే నవ్వుతూ చెప్పాడు. భాగ్య పెళ్లికి ముందు నుంచీ బీడీలు చేసింది. ఇద్దరూ కలిసి ఒక పాత పెట్రోలు వ్యాను కొని, అందులో చీరెలు, లుంగీలు వేసుకొని చుట్టుపక్కల ఊళ్ల వారపు అంగళ్లకు తిరుగుతున్నారు. దూరమైతే భిక్నూర్ దాకా పోతారు.

వ్యాను మాటిమాటికీ ఆగిపోతోంది. ఎల్లారెడ్డిలో ట్రాక్టరు, మోటారు సైకిలు బాగుచేసేవాళ్లు ఉన్నారు గానీ ఈ వ్యానును ప్రతిసారీ కామారెడ్డికే తేవలసి వచ్చేది. ఊరి అంగడి వారానికి ఒకసారే. ఆ రోజు బండి మెకానిక్కు దగ్గర ఉంటే ఆ ఊరి వ్యాపారం వారమంతా పోయినట్టే. పైగా శ్రావణం వస్తోంది, పెళ్లిళ్ల గిరాకీ అప్పుడే. ఇంకోపక్క ఒక ఏజెంటు గంగారాంకు మళ్లీ అదే పనికి వీసా ఉందన్నాడు. రాఖీ పున్నమి లోపల పాస్‌పోర్టు ఇవ్వాలి. బండి నిలకడగా నడిస్తే ఇక్కడే ఉంటాడు, లేకపోతే వ్యాను అమ్మి వెళ్లిపోతాడు. తరగతికి ఎందుకు వచ్చారని అడిగినప్పుడు భాగ్య ఇంత సూటిగానే చెప్పింది. "ఈయన పోవాల్నా ఉండాల్నా అనేది గా బండి చేతుల ఉన్నది మేడం. అందుకే బండి పని నేర్వనీకొచ్చినం."

రెండో ఆదివారం ఎవరి పనిముట్లు వారిని తెమ్మన్నాను. గంగారాం దుబాయి నుంచి తెచ్చిన పెట్టెను భుజం మీద మోసుకొచ్చాడు. తొంభైకి పైగా ముక్కలున్న అమెరికా సెట్టు. గ్యారేజీ ఫోర్‌మన్ స్వదేశానికి పోతూ అమ్మితే కొన్నాడట. మూత తీస్తే క్రోమియం మెరుపుకు తరగతి జరిగే షెడ్డంతా వెలిగింది. ట్రాక్టరు ఉన్న ఒక పెద్దాయన వంగి చూసి, "గంగారాం, మూత ముయ్యకు. పొద్దుగాల అద్దం లేక సగం గడ్డమే గీక్కొని వచ్చిన," అన్నాడు.

"గీ డబ్బా మీద చెయ్యి వెయ్యాల్నంటే అక్కడ ఫోర్‌మన్‌ను అడగాలె," అన్నాడు గంగారాం.

"ఇక్కడ గూడ అంతే. పండుగ పట్టుచీరె లెక్క సూసుడే గని కట్టుడు లేదు," అంది భాగ్య.

నాకు ఆ పెట్టె మీద ఒక అనుమానం కలిగింది. అందులో సాకెట్లన్నీ అంగుళాల కొలతవి. మన దేశంలో తిరిగే ఇలాంటి చిన్న బళ్ల బోల్టులు మిల్లీమీటర్ల కొలతవి. రెండు లెక్కలూ కొన్నిచోట్ల దాదాపు కలుస్తాయి, కొన్నిచోట్ల కలవవు. ముప్పావు అంగుళం అంటే పందొమ్మిది మిల్లీమీటర్ల మీద అర పదోవంతు ఎక్కువ. అది పందొమ్మిది నట్టుకు హాయిగా సరిపోతుంది. పదకొండు బై పదహారు అంగుళం మాత్రం పదిహేడున్నర మిల్లీమీటర్లకు దగ్గర. పదిహేడు బోల్టు మీద అది ఎక్కుతుంది. ఎక్కుతుంది కాబట్టే ప్రమాదం.

ఈ సంగతి చెప్పి, కొలిచి చూడనిదే ఏ సాకెటూ వాడవద్దన్నాను. అప్పుడు భాగ్య కొంగు ముడి విప్పి దారానికి గుచ్చిన రేకు ముక్కలు తీసింది. వ్యాను కింద దూరి, ఒక్కొక్క బోల్టు తల మీద కాగితం పెట్టి, బొటనవేలితో అంచులు నొక్కి అచ్చు తీసిందట. ఆ అచ్చు నూనె డబ్బా రేకు మీద పెట్టి బీడీ కత్తెరతో ఆరు పలకల బిళ్లలు కత్తిరించింది. ఏది దేనిదో తెలియడానికి మేకుతో గుర్తులు గీసింది. చక్రపు నట్టుకు గుండ్రం, ఇంజను నూనె వదిలే బోల్టుకు చుక్క, బ్యాటరీకి గీత.

"బీడీ ఆకు కత్తిరియ్యనీకి ఫర్మా ఉంటది గద మేడం, గదే ఇది. బోల్టును సంకల పెట్టుకొని దుకాణంకు పోలేం గద," అంది.

ఫర్మా అంటే ఆకును ఒకే సైజులో కత్తిరించడానికి పెట్టుకునే రేకు ముక్క. నేను ఆ బిళ్లలను చేతిలోకి తీసుకొని చాలాసేపు చూశాను. అంచులు ఎక్కడా వంకర లేవు. ఆరు పలకలూ సమానంగా ఉన్నాయి. బండి ఒకచోట, దుకాణం ఇంకోచోట ఉన్నప్పుడు సైజును వెంట తీసుకుపోయే పద్ధతి నా పాఠాల్లో లేదు. దాన్ని అందరికీ చూపించి, ఇలా చేసుకోండని చెప్పాను.

మూడో ఆదివారం, జూలై పదిహేను, ఇంజను ఆయిల్ మార్చే పాఠం. గంగారాం తన వ్యాను మీదే చేస్తానన్నాడు. ఇంజను అడుగున నూనె నిలిచే తొట్టిని చాంబర్ అంటారు. దాని కింద ఉండే డ్రెయిన్ బోల్టు విప్పితే పాత నూనె దిగిపోతుంది. భాగ్య చుక్క గీసిన బిళ్ల తీసి పెట్టెలోని సాకెట్లలో వేసి చూసింది. ఒకదాంట్లో బిళ్ల టక్కున కూర్చుంది. దాన్ని భర్తకు అందించింది. ఆయన వ్యాను కింద పడుకొని పిడి పట్టి లాగాడు.

కటక్ మని చప్పుడయింది. బోల్టు కదిలిన చప్పుడు కాదు అది, సాకెట్ జారిన చప్పుడు. ఏళ్ల తరబడి విన్న చెవికి తేడా తెలుస్తుంది.

"ఇంకొక్క పట్టు పడితే వస్తది మేడం," అన్నాడు కింద నుంచి. నేను ఒప్పుకోలేదు. బయటికి రమ్మన్నాను. మొదటిసారి జారినప్పుడే ఆపితే బోల్టు మూలలు కొంచెం నలుగుతాయి, పట్టు మిగులుతుంది. రెండోసారి, మూడోసారి లాగితే తల గుండ్రమైపోతుంది. ఆ తర్వాత ఉలి పెట్టి కొట్టాలి, లేదా వెల్డింగు పట్టాలి. చాంబర్ మరలు పోతే దాన్నే దింపి మార్చాలి. శ్రావణమంతా వ్యాను మెకానిక్కు షెడ్డులోనే ఉంటుంది.

టార్చి వేసి చూశాను. ఆరు మూలల్లో నాలుగు తెల్లగా మెరుస్తున్నాయి. అంటే నలిగాయి.

గంగారాం లేచి టైరుకు ఆనుకొని కూర్చున్నాడు. "గీ బండి మనకు అచ్చిరాదు. రాఖీ పున్నానికి పాస్‌పోర్టు ఇచ్చి పోత. కడుగుడు వచ్చిన పని, కడుక్కుంట," అన్నాడు.

"పోతె పో. పోయే ముందల బోల్టు ఇప్పి పో," అంది భాగ్య.

ఆమె తీసిచ్చిన సాకెట్ మీద అంకె చదివాను. పదకొండు బై పదహారు. బిళ్ల దాంట్లో సరిగ్గా కూర్చోవడం అందరం చూశాం. బోల్టు పదిహేడుదైతే బిళ్ల అందులో వదులుగా ఆడాలి. బోల్టు మీద మడ్డి పేరుకుంటే అచ్చు పెద్దదై ఉంటుందని ముందు అనుకున్నాను. కిరోసిన్‌తో కడిగించి వెర్నియర్ పెట్టి కొలిచాను. పదిహేడే. అంత మడ్డి కూడా లేదు. అప్పుడు గుండ్రం గీసిన బిళ్ల, చక్రపు నట్టుది, అడిగి తీసుకున్నాను. చక్రపు నట్టు పందొమ్మిది. ముప్పావు అంగుళం సాకెట్ దానికి సరిపోతుందని నాకు రూఢిగా తెలుసు. నట్టు మీద సాకెట్ పెడితే సరిపోయింది. అదే సాకెట్‌లో బిళ్ల వేస్తే దూరలేదు. నట్టు దూరిన చోట నట్టు బిళ్ల దూరడం లేదంటే తేడా సాకెట్‌లో లేదు, బిళ్లలోనే ఉంది.

బిళ్లలన్నీ వరసగా కొలిచాను. ఒక్కొక్కటీ ఉండవలసిన దానికన్నా మిల్లీమీటరులో నాలుగు పదోవంతులు పెద్దది. అన్నీ అంతే. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ లేదు. చెయ్యి తడబడితే తప్పులు ఇంత వరసగా రావు. చేతికి ఒక అలవాటు గట్టిగా ఉంటేనే వస్తాయి. కత్తిరించేటప్పుడు గీత మీద కత్తిరిస్తావా, గీతకు అవతలా అని భాగ్యను అడిగాను.

ఆమె ఒక్క క్షణం తన చేతి వైపు చూసుకుంది. "అవతల్నే మేడం. ఆకు తడి మీద కత్తిరిస్తం. ఎండినంక దగ్గరికి గుంజుతది. ఫర్మా మీద కత్తెర జెర ఎడంగనే పోవాలె, లేకుంటె బీడీ చిన్నగైతది, చిన్నగైతే లెక్క సూసేటోళ్లు చాటలకెల్లి తీసి పారేస్తరు." అని ఆగి, తనే పెద్దగా నవ్వింది. "ఇనుము ఎండుతదా! గా ముచ్చట నా కత్తెరకేం ఎరుక?"

గంగారాం కూడా నవ్వాడు. "ఇరవయ్యేండ్ల సంది ఆకు కత్తిరించినదానివి. బోల్టును గూడ బీడీల చాటల పోసినవ్," అన్నాడు.

తప్పు అన్నిటికీ ఒకే కొలతలో ఉండడం వల్ల సరిచేయడం తేలికయింది. నా సంచిలోని చదును ఆకురాయి ఇచ్చాను. ఒక్కొక్క పలక మీద రెండు పదోవంతులు అరిగించాలన్నాను. వెర్నియర్ మీద గీతలు ఎలా చదవాలో అక్కడే నేర్పాను. మొదటి బిళ్లకు మూడుసార్లు కొలిచింది. నాలుగోదానికి ఒకసారే కొలిచింది, సరిపోయింది. నా విద్యార్థుల్లో ఆకురాయిని అంత నెమ్మదిగా, అంత సమంగా తోసినవాళ్లు ఎక్కువమంది లేరు.

బుధవారం ఇద్దరూ బస్సెక్కి కామారెడ్డికి వచ్చారు. మధ్యాహ్నం విరామంలో నేను పనిముట్ల దుకాణం దగ్గర కలిశాను. దుకాణదారు పాతకాలం మనిషి. మమ్మల్ని చూడగానే పెద్ద పెట్టె ఒకటి కౌంటరు మీద పెట్టాడు. "అన్ని కార్లకు వస్తది మేడం. గీ ఒక్కటి ఉంటే సాలు," అన్నాడు.

"మాకున్నది ఒక్కటే కారు సేటు," అంది భాగ్య.

ఆమె దారం తీసి తన బిళ్లలు ఒక్కొక్కటీ వేస్తుంటే దుకాణదారు కళ్లజోడు సర్దుకొని చూశాడు. ఆ పెట్టెలో సాకెట్లకు పన్నెండు మూలలు ఉన్నాయి. పన్నెండు మూలల సాకెట్ బోల్టు మీద త్వరగా ఎక్కుతుంది, అందుకే మెకానిక్కులకు ఇష్టం. కానీ అది బోల్టును మూలల దగ్గరే పట్టుకుంటుంది. ఆరు మూలలది మూలలను వదిలి పక్కల మీద ఒత్తుతుంది. మూలలు ఇప్పటికే నలిగిన బోల్టుకు అదే దిక్కు. అందుకే ఆరు మూలలవి విడిగా ఉన్నాయా అని అడిగాను. లోపలి నుంచి రెండు రకాలు తెచ్చాడు.

రెండింటి మీదా పదిహేడు అంకె ఉంది, రెండింటిలోనూ బిళ్ల దూరింది. వేలితో నోటి అంచు తడిమి చూడమన్నాను. ఒకదాని నోరు లోపలికి బాగా చెక్కి ఉంది. అలా ఉంటే బోల్టు మీద సులువుగా కూర్చుంటుంది గానీ, నోటి దగ్గర కొంత మేర పట్టు ఉండదు. డ్రెయిన్ బోల్టు తల పలచన. పట్టు లేని ఆ మేరలోనే తల సగం పోతుంది. భాగ్య బిళ్లను రెండింట్లో వేసి, చెక్కు తక్కువున్నదాన్ని ఎంచింది. గోడ మందం చుట్టూ సమంగా ఉందో లేదో వెలుతురుకు పెట్టి చూసింది. అది నేను చెప్పలేదు. ఆ తర్వాత పది, పన్నెండు, పద్నాలుగు కూడా ఆ రకంలోనే తీసుకుంది.

గంగారాం కౌంటరు దగ్గరికి వచ్చాడు. చేతిసంచిలోంచి తువ్వాల్లో చుట్టిన ఒక పిడి తీశాడు, దుబాయి పెట్టెలోది. "మరి నా డబ్బా ఇగ పాత ఇనుపోనికేనా మేడం?" అని అడిగాడు. హాస్యానికి అడిగినట్టు అడిగాడు గానీ సమాధానం కోసం నా ముఖమే చూస్తున్నాడు.

కాదని చెప్పాను. సాకెట్ గుంట మిల్లీమీటర్లలో ఉన్నా, అంగుళాల్లో ఉన్నా, పిడి దూరే చదరపు రంధ్రం మాత్రం ప్రపంచమంతటా అంగుళాల లెక్కే. అంగుళంలో ఎనిమిదో వంతును మెకానిక్కులు సూత్ అంటారు. చక్రాల వంటి బరువు పనికి నాలుగు సూత్, ఇంజను పనికి మూడు సూత్. ఆయన పిడీ, మేం ఎంచిన సాకెట్లూ మూడు సూత్‌వే. పిడి పరీక్షించమని ఆయనకే చెప్పాను. లోపల పళ్లచక్రం ఉన్న ఆ పిడిని చెవి దగ్గర పెట్టుకొని తిప్పాడు. పళ్లు దగ్గర దగ్గరగా, సన్నగా పలికాయి. పళ్లు దగ్గరగా ఉంటే ఇరుకులో కొద్దిపాటి ఊపుతోనే పని జరుగుతుంది. ఆ వ్యాను ఇంజను సీటు కింద ఉంటుంది, చెయ్యి ఊపే జాగా తక్కువ. అంత మంచి పిడి ఆ దుకాణంలో లేదు. దుకాణదారే ఒప్పుకున్నాడు.

గంగారాం కొత్త సాకెట్‌ను పిడికి తగిలించాడు. టక్కున కూర్చుంది. "దుబాయి పిడి, కామారెడ్డి గోటీ. సంబంధం కుదిరింది," అన్నాడు.

"నిలబడుతదో లేదో ఆదివారం దాంక ఆగు," అంది భాగ్య.

జూలై ఇరవై రెండున తరగతి అంతా వ్యాను చుట్టూ చేరింది. బోల్టు మీద తుప్పు వదిలే నూనె ముందు రోజే పోసి ఉంచమన్నాను. బిగుసుకున్న బోల్టును మొదట కదిలించడానికి పళ్లున్న పిడి వాడకూడదు, పళ్లు విరుగుతాయి. పళ్లు లేని పొడుగు పిడి వాడాలి. అదీ దుబాయి పెట్టెలోనే ఉంది. సాకెట్ పూర్తిగా పైకి ఎక్కిందో లేదో అరచేత్తో తట్టి చూడాలి. కుదుపుతో లాగకుండా, బరువు మెల్లగా పెంచాలి.

గంగారాం పిడి తీసి భార్యకు ఇచ్చాడు. "నేను గుంజుడు మొదలువెడితే ఆగ. నువ్వే పట్టు," అన్నాడు.

ఆమె వెల్లకిలా పడుకొని రెండు చేతులా పిడి పట్టుకుంది. ఏ వైపు తిప్పాలో ఒకసారి నాకు చెప్పి చూపించింది. కింద నుంచి చూసేటప్పుడు తికమకపడి బిగించేవాళ్లే ఎక్కువ. తర్వాత బరువు పెట్టింది. సాకెట్ జారలేదు. పిడి కొంచెం వంగినట్టు కనిపించింది, ఆ వెంటనే బోల్టు సన్నగా కీచుమని కదిలింది. మిగతాది వేళ్లతోనే వచ్చింది. నల్లటి నూనె కింద పెట్టిన పళ్లెంలోకి పడుతుంటే గంగారాం "ఒచ్చింది, ఒచ్చింది," అని రెండుసార్లు అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు.

నలిగిన బోల్టు మళ్లీ వాడనివ్వలేదు. కొత్త బోల్టు, కొత్త రాగి వాషరు వేయించాను. ముందు వేళ్లతో మూడు చుట్లు ఎక్కించి, తర్వాతే పానా పెట్టమన్నాను. ఆ మధ్యాహ్నం వాళ్లిద్దరూ ప్లగ్గులు తీసి శుభ్రం చేశారు, ఫిల్టరు మార్చారు. అంగుళాల సాకెట్లలో చక్రానికి ముప్పావు, ప్లగ్గుకు పదమూడు బై పదహారు పనికివచ్చాయి. వాటిని మిల్లీమీటరు సాకెట్లతో కలిపి ఒక గుడ్డలో చుట్టి వ్యానులో పెట్టుకున్నారు. మిగతావి పెట్టెలోనే ఇంట్లో ఉంచారు. శ్రావణంలో ఒక్క అంగడి కూడా తప్పలేదని భాగ్య ఆఖరి తరగతిలో చెప్పింది.

రాఖీ తర్వాతి ఆదివారం, ఆగస్టు అయిదున, ఏజెంటు సంగతి అడిగాను.

"ఫోన్ జేసిండు మేడం," అన్నాడు గంగారాం. "పాస్‌పోర్టు సందుకల ఉన్నది, తాళం భాగ్య తాన ఉన్నదని చెప్పిన."

"తాళం అడుగనేలేదు ఈయన," అంది భాగ్య.

2014లో రిటైరయ్యే లోపల ఎల్లారెడ్డిలో అలాంటి తరగతులు ఇంకో రెండు నడిపాను. వాటిలో మొదటి ఆదివారం ఎవరి పెట్టెనూ తెరవనివ్వలేదు. ఎవరి బండి బోల్టులకు వారే రేకు బిళ్లలు చేయాలి. చేసిన తర్వాత సైజు ముందే తెలిసిన ఒక నట్టుతో బిళ్లను సరిచూడాలి. కొలిచే వస్తువులో దాన్ని చేసిన చేతి అలవాటు ఉంటుంది. ఆ అలవాటు ఎంత మంచి పనిలో నుంచి వచ్చినా సరే, సరిచూడకుండా నమ్మకూడదు. ఇది వెర్నియర్‌కూ వర్తిస్తుంది.

సెట్టు కొనేవారికి నేను చెప్పేది ఇంతే. ముందు మీ బండి మీద ఏయే సైజులున్నాయో తెలుసుకోండి. అవి ఆరు మూలల్లో, నోరు ఎక్కువ చెక్కనివి, విడిగా దొరికేవి చూసి కొనండి. డబ్బు మిగిలితే మంచి పిడి మీద పెట్టండి. పెట్టెలో ఎన్ని ముక్కలున్నాయన్నది చివరి ప్రశ్న. ముందు ప్రశ్నలకు సరైన జవాబులు దొరికితే అది అడగవలసిన అవసరం రాదు.